కిలో తగ్గలేదు, అయినా షుగర్ తగ్గింది

పోయిన సంక్రాంతికి ముందు రక్తపరీక్ష చేయించుకుంటే పరగడుపున 96 వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను. కానీ ఇంట్లో అమ్మకీ, పెద్ద మామయ్యకీ షుగర్ ఉందని చెప్పడంతో డాక్టర్ గారు 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి రెండు గంటలాగి మళ్లీ తీయించారు. 172. ఈ పరీక్షలో 140 లోపు ఉండాలి, 200 దాటితే షుగర్ జబ్బే. నేను మధ్యలో ఉన్నాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి నడక మొదలుపెట్టాను, రోజూ పొద్దున్నే 40 నిమిషాలు. మూడు నెలలైనా కిలో కూడా తగ్గకపోయేసరికి ఇంకెందుకిదంతా అనిపించి దాదాపు మానేశాను.

అప్పుడే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివాను. సరిగ్గా నాలాంటి స్థితిలో ఉన్న 531 మందిని మూడేళ్ల పాటు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది, తిండి మార్చుకుని నడక అలవాటు చేసుకున్నవాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకో విషయం, ఈ రెండో గుంపువాళ్లు బరువేమీ తగ్గలేదు!

ఎలా అంటే, తిన్నాక రక్తంలో చేరే గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండరాలే తీసుకోవాలి. దాన్ని లోపలికి చేర్చే గ్లట్-4 అనే ప్రోటీన్ మామూలుగా కణం లోపలే ఉండి, ఇన్సులిన్ పిలిస్తే పైపొరకు వస్తుంది. నాలాంటివాళ్లలో ఆ పిలుపు సరిగ్గా అందదు. అయితే నడిచేటప్పుడు కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటే ఇన్సులిన్ పిలవకపోయినా అది పైకి వచ్చేస్తుంది, నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే. అందుకే ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి మిగతా వారమంతా కూర్చుంటే లాభం నిలవదు, వరసగా రెండు రోజులు మానకుండా చూసుకోవాలి.

మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి భోజనం కాగానే మేడ మీద ఇంకో 15 నిమిషాలు కూడా కలిపాను, అన్నం కొంచెం తగ్గించాను. ఆరు నెలలకు అదే పరీక్షలో 144 వచ్చింది, బరువు మాత్రం అంతే.

మా తమ్ముడు పరగడుపున 94 ఉందని ధీమాగా ఉన్నాడు. వాడికీ అదే అమ్మ, అదే మామయ్య. రెండు గంటల పరీక్ష కూడా చేయించుకోరా అని వారం నుంచి వెంటపడుతున్నాను.