చోడి అంబలి మందు కాదు, తిండి

శ్రీకాకుళంలో ఇప్పుడు చోడి (అంటే రాగి) అంబలి షుగర్‌కో, బరువు తగ్గడానికో ముక్కు మూసుకుని తాగేదైపోయింది. అంబలి చేసిన పాపమేమిటో! రుచిగా కాస్తే ఎవరూ బతిమాలక్కర్లేదు.

గ్లాసు చోడి పిండిని రెండు గ్లాసుల చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. ఎండాకాలం ఏడెనిమిది గంటలకే పులుస్తుంది, చలికాలం పన్నెండు దాటుతుంది. ముక్కుకి సన్నగా పుల్లవాసన తగిలితే చాలు, ఘాటెక్కిందంటే ఆలస్యమైనట్టే. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి, గుప్పెడు నూకలు మెత్తగా ఉడికాక, పిండిని అడుగు నుంచి కలిపి సన్నధారగా పోస్తూ తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. పొడిపిండి నేరుగా వేడినీళ్ళలో పడితే పైపొర ఉడికి బిగుసుకుంటుంది, లోపల పచ్చిపిండి అలాగే మిగులుతుంది. ఉండలు కట్టేది అందుకే. సన్నసెగ మీద పది నిమిషాలు. తడివేలితో తాకితే అంటకూడదు.

మజ్జిగ మాత్రం పూర్తిగా చల్లారాకే. వేడిమీద పోస్తే విరుగుతుంది. ఉప్పూ అప్పుడే.

100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, నిజమే. కానీ షుగరున్నవాళ్ళకి చోడీ పిండిపదార్థమే. పల్చటి జావ గబగబా దిగి గబగబా అరుగుతుంది, అన్నంతో పాటు అదనంగా తాగితే లెక్క తప్పుతుంది. అంబలి ఒక్కటే తాగితే పదకొండుకల్లా కళ్ళు బజ్జీల బండి మీదకి పోతాయి. పక్కన కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలో, ఉడికించిన ఉలవలో పెట్టుకోండి. పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, నిదానంగా.