పెద్ద కర్మాగారం పక్కన చిన్న వర్క్‌షాపు

ఒక బహుళజాతి సంస్థ కర్మాగారం ఎక్కడ పెట్టాలో తేల్చుకున్నప్పుడల్లా పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న లెక్కలే వార్తల్లోకి ఎక్కుతాయి గాని, ఆ చుట్టుపక్కల అప్పటికే నడుస్తున్న చిన్న పరిశ్రమల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం ముందుగా వాటి గురించే ఆలోచన వస్తుంది.

పదిమందితో నడిచే లేత్ వర్క్‌షాపునే తీసుకుందాం. కొత్త కర్మాగారం నుంచి ఆర్డరు రావడానికి చాలా ముందే, ఏళ్ల తరబడి చేయి తిరిగిన టర్నర్ మెరుగైన జీతం కోసం అటు వెళ్లిపోతాడు, షెడ్డు అద్దె పెరుగుతుంది. తర్వాత ఆర్డరు వచ్చినా, ప్రతి ముక్కనూ మైక్రోమీటరుతో కొలిచి, కొలత వెంట్రుకవాసి తప్పితే పెట్టె మొత్తాన్ని వెనక్కి పంపుతారు. బిల్లు డబ్బు నెలల తర్వాత గాని చేతికి రాదు, ఉక్కు కొనడానికి మాత్రం ఈరోజే నగదు కావాలి. దీన్ని తట్టుకుని నిలిచిన యజమాని పనితనం నిజంగానే మెరుగుపడుతుంది, అది నేను కాదనను.

అమెరికాలో భారీ కర్మాగారాన్ని దక్కించుకున్న కౌంటీలను (మన జిల్లాల వంటివి), చివరి వరకు పోటీపడి పోగొట్టుకున్న కౌంటీలతో పోల్చి ఆర్థికవేత్తలు గ్రీన్‌స్టోన్, హార్న్‌బెక్, మొరెట్టి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అయిదేళ్లకు గెలిచిన కౌంటీల్లోని పాత కర్మాగారాల ఉత్పాదకత 12 శాతం ఎక్కువగా ఉంది. అయితే జీతాలు కూడా పెరగడంతో ఆ లాభంలో కొంత అటే పోయింది. వెనెజులా గురించి ఎయిట్‌కెన్, హారిసన్ 1999లో చూపింది ఇందుకు విరుద్ధం: విదేశీ పెట్టుబడి పెరిగిన రంగాల్లో స్వదేశీ కర్మాగారాల ఉత్పాదకత తగ్గింది. అమ్మకాలు విదేశీ సంస్థల వైపు మళ్లాక, అవే స్థిర ఖర్చులను తక్కువ సరుకు మీద మోయవలసి రావడమే కారణమని వారి వివరణ.

ఈ చిక్కును విప్పేది బియాటా యావోర్చిక్ 2004లో లిథువేనియా మీద ప్రచురించిన పరిశోధన అని నా అభిప్రాయం. అక్కడ మేలు కనిపించింది విదేశీ సంస్థలతో పోటీపడిన వారిలో కాదు, వాటికి సరుకు అందించే రంగాల్లో. అది కూడా స్వదేశీ భాగస్వామి ఉన్న సంస్థల వల్లనే. కాబట్టి రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు, విడిభాగాలు ఎవరి దగ్గర కొంటారన్నది ఒప్పందానికి ముందే గట్టిగా అడగాలి.

వచ్చిన సంస్థ వెళ్లిపోవచ్చు కూడా. ఐర్లండ్‌లోని లిమరిక్ నుంచి కంప్యూటర్ల తయారీని పోలండ్‌లోని వూడ్జ్‌కు మారుస్తున్నట్టు డెల్ 2009 జనవరిలో ప్రకటించినప్పుడు, అక్కడ పోయే 1,900 ఉద్యోగాలతో పాటు సరఫరాదారుల దగ్గర పనిచేసేవారికీ భయం పట్టుకుంది. అందుకే ఒకే కొనుగోలుదారుడి కోసం అప్పు తెచ్చి ప్రత్యేక యంత్రం కొనే యజమానిని, ఆ ఒప్పందం కాలపరిమితి రుణ వాయిదాలు తీరేదాకా ఉందో లేదో ముందు చూసుకోమంటాను.