అమ్మ లెక్కపెట్టే ఒక్క నిమిషం

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక మా వాడకట్టులోని ఒక ఇంటి నుంచి అమ్మకు పిలుపొచ్చింది. అమ్మ ఆశా వర్కర్. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత పక్కన ఉన్న ఊరు, ఇంట్లో తెలుగు, కాగితం మీద మరాఠీ, సంతకు పోతే గోండీ కూడా వినిపించే చోటు. సెలవు పెట్టి ఇంటికొచ్చి ఉన్నాను కాబట్టి టార్చి పట్టుకుని వెంట వెళ్ళాను. 40 రోజుల పిల్ల. నానమ్మ గుడ్డ వేడి చేసి రొమ్ము మీద కాపడం పెడుతోంది. "నిమ్ము చేసినట్టుంది వదినా, పొద్దటి సంది పాలు తాగుతలేదు" అంది.

అమ్మ వెంటనే పిల్లను ఎత్తుకోలేదు. ముందు ఏడుపు ఆగనిచ్చింది, ఎందుకంటే ఏడ్చే పిల్ల ఊపిరి లెక్కకు రాదు. తల్లి ఒళ్ళో సద్దుమణిగాక, పొట్ట మీది గుడ్డ పైకి తీసి, చేతి గడియారం కళ్ళకెదురుగా పట్టుకుని మొదలుపెట్టింది. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. పెదాలు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. అమ్మ లెక్కపెట్టేది తెలుగులోనే, రాసేది మరాఠీలో. 66 వచ్చింది. కాసేపు ఆగి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది, 64. అప్పుడు టార్చి వెలుగు పక్కటెముకల కిందికి దించమంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడ గుంట పడుతోంది. "బండి మాట్లాడండి బిడ్డా, పొద్దుటి దాక ఆగద్దు" అంది పిల్ల తల్లితో.

ఆ పిల్ల బతికింది. వాగు పొంగకపోవడం వల్ల బండి దాటింది. ఊరి దగ్గరున్న ఆస్పత్రిలో వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఒకటే ఉంది, అది పెద్దవాళ్ళది. పసివేలికి నిలవక జారిపోతూ ఉంది, తెర మీద గీతలు తప్ప అంకె రాలేదు. చివరికి అమ్మ చీటీ మీద రాసిచ్చిన 64 చూసే డాక్టర్ ఇంజెక్షన్ వేసి గోదావరి అవతలికి పంపించాడు. ఎనిమిది రోజులకు తిరిగొచ్చారు.

నేను నాగపూర్‌లో ఆస్పత్రి పరికరాలు రిపేర్ చేసే పని చేస్తాను. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, మానిటర్లు, వార్మర్లు, రోజంతా వాటి మధ్యే. ఆ రాత్రి తర్వాత నిమోనియా మీద వచ్చిన పరిశోధన పత్రాలు దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. అర్థం కాని చోట తెలిసిన డాక్టర్లను అడిగాను. అందులో నాకు అన్నిటికంటే పెద్దగా అనిపించిన సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ అంకెల గురించి. రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60 లేదా అంతకు పైన, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఇవి దాటితే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు లెక్క. దీని వెనక పాపువా న్యూగినియాలో ఫ్రాంక్ షాన్, ఆయన తోటి డాక్టర్లు 1980లలో చేసిన పని ఉంది. ఎక్స్‌రే లేని చోట, స్టెతస్కోప్ పట్టే మనిషి కూడా లేని చోట, ఏ పిల్లకు యాంటీబయాటిక్ ఇవ్వాలో ఎలా తేల్చాలన్నది వాళ్ళ ప్రశ్న. ఊపిరి వేగం, డొక్క గుంట పడటం, ఈ రెండూ చూస్తే చాలావరకు తేల్చవచ్చని చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని మీదే తన పద్ధతి కట్టుకుంది.

ఇక మా జిల్లా సంగతి. అభయ్ బంగ్, రాణీ బంగ్ అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో చదువుకుని వచ్చి 1986లో గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ పెట్టారు. పల్లెల్లో మంత్రసానులకు నిమోనియా గుర్తుపట్టడం నేర్పించాలనుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదువు లేదు, పది దాటి లెక్కపెట్టడం కష్టం. మరి 50, 60 ఎలా? వాళ్ళు తయారుచేసిన పరికరం ఇది: నిమిషంలో కారిపోయే ఇసుక గడియారం, దాని పక్కన పూసల వరుసలు, చిన్నపిల్లలకు ఒకటి, కాస్త పెద్దపిల్లలకు ఒకటి. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు చివరి ఎర్రపూస దాకా చేయి వెళ్తే పిల్లకు నిమోనియా. పది దాకా లెక్క వస్తే చాలు, మిగతా లెక్క పూసలే చూసుకుంటాయి.

పరికరాలు విప్పి బిగించే మనిషిగా చెబుతున్నాను, ఇంత చక్కటి ఇంజనీరింగ్ నేను ఎక్కువ చూడలేదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, పాడైతే ఊళ్ళోనే బాగు చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎవరి చేతిలోకి వెళ్తుందో ఆ మనిషి దగ్గర కూర్చుని, ఆమెకు ఏం వచ్చో ఏం రాదో తెలుసుకుని చేశారు. 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో, ఇలా ఊళ్ళోనే నిమోనియా గుర్తుపట్టి మందు ఇచ్చిన చోట పిల్లల నిమోనియా మరణాలు ఇవ్వని ఊళ్ళతో పోలిస్తే సగానికి సగం తక్కువ. తర్వాత 1999లో పురిటిబిడ్డల మీద వచ్చినది ఇంకా పెద్దది. 39 ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళే ఆరోగ్య కార్యకర్తలను పెట్టారు, 47 ఊళ్ళను పోలిక కోసం ఉంచారు. వెయ్యి మంది పుడితే మొదటి నెలలోనే పోయేవాళ్ళు 62 మంది ఉండగా, మూడో ఏటికి అది 25 దగ్గరికి వచ్చింది. పోలిక ఊళ్ళలో ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు అమ్మ చేసే ఇంటి సందర్శనలకు మూలం అదే. ఆస్పత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి, బిడ్డను జోలెలో పెట్టి తూకం చూడాలి, జ్వరం చూడాలి, బొడ్డు చూడాలి, బాలింతను చూడాలి. అన్నీ పూర్తి చేస్తే 250 రూపాయలు. కానీ ఒక్క పెద్ద తేడా ఉంది. బంగ్ దంపతుల అధ్యయనంలో ఊరి కార్యకర్త చేతికి జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు, బిడ్డకు ఒళ్ళంతా పాకే ఇన్ఫెక్షన్ (సెప్సిస్) సోకితే ఆమే ఇంట్లో వేసేది. దేశమంతా అమలు చేసినప్పుడు ఆశాలకు ఆ ఇంజెక్షన్ ఇవ్వలేదు, ఆస్పత్రికి పంపించమన్నారు. పంపించమనడం తేలిక. మా తాలూకా నుంచి జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్లు, వానాకాలంలో దారిలో ఎన్ని వాగులు దాటాలో ఇక్కడివాళ్ళకే తెలుసు. ఆస్పత్రికి పోలేని పసిబిడ్డలకు దగ్గరలోనే జెంటమైసిన్, అమాక్సిసిలిన్‌తో వైద్యం చేయవచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మా ఊళ్ళలాంటి చోట శిక్షణ ఇచ్చి ఆ పని ఆశాలకు అప్పగించాలని నా గట్టి అభిప్రాయం. ఈ జిల్లాలోనే రుజువైన పని, ఈ జిల్లాకే అందకపోతే ఎలా?

కానీ ఇక్కడే నన్ను కుదిపేసిన రెండు అధ్యయనాల గురించి చెప్పాలి, ఎందుకంటే పరికరం ఇచ్చేస్తే సరిపోదని అవే నాకు నేర్పాయి.

బంగ్లాదేశ్‌లో మహ్మద్ జోబాయర్ చిస్తీ అనే డాక్టర్ ఉన్నారు. 1996లో సిల్హెట్ ఆస్పత్రిలో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక్క రాత్రిలో ముగ్గురు పిల్లలు నిమోనియాతో ఆయన కళ్ళముందే పోయారట. ఏదో ఒకటి చేయాలని అప్పుడే అనుకున్నారు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాస్త ఒత్తిడితో గాలి పంపే యంత్రం ఖరీదైనది. ఆయన ఖాళీ షాంపూ సీసాలో నీళ్ళు పోసి, బిడ్డ ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, బిడ్డ వదిలే గాలి బయటికి పోయే గొట్టం కొసను ఆ నీళ్ళలో ముంచారు. గొట్టం ఎంత లోతుకు మునిగితే అంత ఒత్తిడి, బుడగలు వస్తున్నంతసేపు పని జరుగుతున్నట్టే. ఢాకాలో 225 మంది పిల్లలను చీటీ వేసినట్టు మూడు జట్లుగా పంచి చూశారు. మామూలుగా సన్నటి ధారలో ఆక్సిజన్ ఇచ్చిన జట్టులో నూటికి 15 మంది చనిపోతే, బుడగల సీసా జట్టులో 4 మంది. లాన్సెట్‌లో 2015లో వచ్చింది. ఆ సీసా బొమ్మ చూసి నేను ఎంత సంతోషపడ్డానో. పూసల వరుసకు తమ్ముడిలా అనిపించింది.

తర్వాత మలావీ దేశం నుంచి 2019లో ఇంకో అధ్యయనం వచ్చింది. సలీమా అనే జిల్లా ఆస్పత్రిలో, అదే బుడగల సూత్రం మీద నడిచే పరికరంతో, 644 మంది పిల్లల మీద. మామూలు ఆక్సిజన్ జట్టులో నూటికి 11 మంది చనిపోయారు, బుడగల జట్టులో 17 మంది. అంటే మేలు జరగకపోగా కీడు జరిగింది. నేను ఆ పత్రాన్ని మూడుసార్లు చదివాను, ఎక్కడో తప్పు చదివానేమో అని. పిల్లల జబ్బుల తీరులో తేడాలున్నాయి, హెచ్ఐవీ బారిన పడిన పిల్లలు అక్కడ ఎక్కువ. కానీ వాళ్ళే నొక్కి చెప్పిన ఇంకో సంగతి, ఆ వార్డులో రోజూ దగ్గరుండి చూసే డాక్టర్ లేడు. ఢాకా ఆస్పత్రిలో డాక్టర్లు రాత్రీ పగలూ ఉండి చూశారు. బిడ్డ పొట్టలో గాలి నిండితే, ముక్కుగొట్టం జారితే, వాంతి ఊపిరిలోకి పోతే, నిమిషాల్లో గుర్తుపట్టే మనిషి పక్కన ఉండాలి.

పని చేసేది యంత్రం, బిడ్డను కనిపెట్టుకుని ఉండేది మనిషి. ఒక కొత్త పరికరం గురించి పత్రం రాసేవాళ్ళు దాని సెన్సార్ ఎంత కచ్చితమో పేజీలకు పేజీలు రాస్తారు, దాన్ని పట్టుకున్న నర్సుకు ఆ రాత్రి ఎంతమంది పిల్లలున్నారో ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే ఆ రెండో లెక్క మొదటి పేజీలోనే కావాలి. అభయ్ బంగ్ పూసల దగ్గరా, చిస్తీ సీసా దగ్గరా వెనక ఉన్నది ఒకటే, శిక్షణ, పర్యవేక్షణ, వెనకుండి చూసుకునే మనిషి. మనం మాత్రం వస్తువును పట్టుకుపోయి మనిషిని అక్కడే వదిలేసి వస్తున్నాం.

నా పనిలో రోజూ కనిపించేదీ అదే. పేద దేశాల ఆస్పత్రుల్లో నూటికి దాదాపు 40 పరికరాలు పని చేయకుండా పడి ఉన్నాయని 2011లో పెరీ, మాల్కిన్ రాశారు. అంతకు ముందు ఏడాది మాల్కిన్ ఇంకో పత్రంలో, పాడైన వాటిలో మూడింట రెండు వంతులు విదేశీ విడిభాగాలు లేకుండానే, కొద్దిపాటి నేర్పుతోనే బాగవుతాయని చూపించారు. నేను ప్రమాణం చేసి చెప్పగలను, అది నిజం. కరోనా తర్వాత వచ్చిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కవరు కప్పి మూలన పెట్టినవి ఎన్నో విప్పాను. చాలావాటిలో దుమ్ము పట్టిన ఫిల్టర్ కడిగి ఆరబెట్టడమే పని. వారానికోసారి కడగాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అంతే.

వేలి క్లిప్పు సంగతి కూడా ఉంది. ఆ రాత్రి అది నిలవలేదు సరే, నిలిచినా పూర్తిగా నమ్మవచ్చా? 2020 డిసెంబర్‌లో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు రాసినదాని ప్రకారం, క్లిప్పు ఆక్సిజన్ 92 నుంచి 96 శాతం మధ్య చూపిస్తున్నా రక్తంలో నిజానికి 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్ళలో నూటికి 3.6, నల్లవాళ్ళలో 11.7. వెలుతురును చర్మం గుండా పంపి చదివే పరికరం, చర్మం రంగు బట్టి తప్పుతోంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాల అనుమతులు చూసే ఎఫ్‌డీఏ 2025 జనవరిలో, ఈ క్లిప్పులను వేర్వేరు చర్మపు రంగులవాళ్ళ మీద పరీక్షించాలని ముసాయిదా ఇచ్చింది. మా వైపు పిల్లల చర్మం ఏ రంగో నేను చెప్పనక్కర్లేదు. క్లిప్పు వద్దని నేను అనను, కావాలి, పసివేళ్ళకు సరిపోయేవి కావాలి. కానీ క్లిప్పు బాగుందని చూపించినా డొక్క గుంట పడుతుంటే డొక్కనే నమ్మండి.

మొన్న దీపావళికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లో ఒక యాప్ వేశాను. ఆర్‌రేట్ అని, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు చేసింది. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా తెర మీద వేలితో తట్టాలి, తట్టుకూ తట్టుకూ మధ్య వ్యవధి చూసి కొన్ని సెకన్లలోనే నిమిషానికి ఎన్నో చెప్పేస్తుంది. నాకు చాలా నచ్చింది. అమ్మను కూర్చోబెట్టి నేర్పించాను, రెండేళ్ళ పక్కింటి పిల్లాడి మీద చూస్తే ఫోన్ లెక్కా గడియారం లెక్కా దాదాపు కలిశాయి. మర్నాడు 21వ రోజు సందర్శనకు వెళ్తూ నన్నూ రమ్మంది. నిద్రపోతున్న బిడ్డ. ఫోన్ 58 చూపించింది. అమ్మ గడియారం పెట్టుకుని నిమిషమంతా చూసింది, 46.

రెండోసారి నేను కూడా పొట్టను చూస్తూ కూర్చున్నాను. బిడ్డ గబగబా నాలుగైదుసార్లు ఊపిరి తీసి, కొన్ని సెకన్లు ఆగిపోయి, మళ్ళీ మొదలుపెడుతోంది. పురిటిబిడ్డల ఊపిరి అలాగే ఉంటుంది, అందుకే నిమిషం పూర్తిగా చూడాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది, నేను చదివాను కూడా. చదవడం వేరు, చూడడం వేరు. "ఇది బిడ్డ ఉరికినప్పుడు చూసింది, నిలబడ్డప్పుడు చూడలేదు" అంది అమ్మ, ఫోన్ నా చేతికిచ్చేస్తూ.

దారిలో అడిగాను, మరి నీకేం కావాలి, ఏది ఉంటే పని తేలికవుతుంది అని. చాలాసేపు ఆలోచించింది. గడియారానికి లైటు ఉంటే బాగుండు అంది. రాత్రిపూట ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో బిడ్డ గుడ్డ పట్టుకుంటే సెకన్లు కనబడవట, ఇంట్లోవాళ్ళను పట్టుకోమంటే భయంతో చేయి వణికి వెలుగు కదులుతుందట. వచ్చే నెల తెస్తాను, అంకెలు పెద్దగా కనిపించేది, చీకట్లో వెలిగేది. బ్యాటరీ సిరొంచ బజారులో దొరికే రకమా కాదా అని కూడా చూసే కొంటాను.