తొట్లకొండ, పెదనాన్న, కొత్త ఇటుక

"పెద్దాయనా, కొంచెం పక్కకి జరగండి, ఫ్రేములోకి వచ్చేస్తున్నారు" అన్నాడా కెమెరా అబ్బాయి. అదీ రెండోసారి. పెదనాన్న మారు మాట్లాడకుండా జరిగారు, జరిగి ఎండలో నిలబడ్డారు. అన్నం తిన్నాను, గిన్నెలు తోమేశాను, పడుకున్నాను, ఆ మాట మాత్రం పోవట్లేదు. అందుకే లేచి ఇది రాస్తున్నాను.

ఇవాళ తొట్లకొండ వెళ్ళాం, నేనూ పెదనాన్నా. విశాఖ దగ్గర సముద్రం ఒడ్డున, పాత బౌద్ధ ఆరామం శిథిలాలున్న కొండ అది. కారు ఇస్తానన్న అన్నయ్య ఇవ్వలేదు, ఆ సంగతి వదిలేయండి, ఆటో మాట్లాడుకున్నాం. రుషికొండ దాటాక గాలి తగిలి పెదనాన్న మొహం విప్పారింది, మోకాళ్ళ మాటే ఎత్తలేదు. పైనుంచి మంగమారిపేట వైపు సముద్రం చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

ఆ తర్వాత మొదలైంది. మహాస్తూపం దగ్గర పెళ్ళికి ముందు తీసే ఫొటోల హడావుడి. పెళ్ళికూతురి లెహంగా సర్దడానికి ఇద్దరు, అద్దంలాంటి అట్ట పట్టుకుని ఇంకొకడు. ఆ అట్టవాడు నిలబడింది ఎక్కడో తెలుసా, భిక్షువుల గది గోడ మీద. గోడంటే మోకాలెత్తు కూడా లేదు, మిగిలిందే అంత. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నుంచి నిలబడి ఉన్న చోటు, వందమందికి పైగా భిక్షువులు ఉండి చదువుకున్న చోటు, దాని మీద బూటుకాళ్ళతో ఎక్కి "కొంచెం నవ్వండి మేడమ్" అంటాడా? ఎవరి పెళ్ళి వాళ్ళకి ముద్దే, ఫొటోలు దిగొద్దని నేననను. గోడ దిగమని మాత్రం చెప్పాను. దిగాడు, మేం అటు తిరగ్గానే మళ్ళీ ఎక్కాడు. దిగమన్నప్పుడు వాడు నన్ను చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఆ కోపం తీసుకెళ్ళి పెదనాన్న మీద పెట్టాను. ఆయన స్తూపం చుట్టూ తిరిగి, "బాగా కట్టారమ్మా, వరస మట్టంగా ఉంది" అన్నారు. నాకు మొదటినుంచీ పడనిదే అది. కూలినదాన్ని కూలినట్టు ఉంచాలి గానీ కొత్త ఇటుకతో గుండ్రంగా కట్టేస్తే ఇంక పాతదనం ఏముంది? అదీ నిలిచిందా అంటే, 2019 అక్టోబరు వానలకి ఒక పక్క కూలిపోయింది, మళ్ళీ కట్టారు. అదే అన్నాను, కాస్త గట్టిగానే.

జీవితమంతా తాపీ పట్టిన మనిషి కదా, కూలడం ఆయనకి వింత కాదు. "లోపలికి నీళ్ళు దిగితే మట్టి ఉబ్బుతాది. ఉబ్బిన మట్టి గోడని తోస్తాది. అందులో ఏటుంది?" అన్నారు. తర్వాత పాత గదుల దగ్గర కూర్చుని ఒక ఇటుకని జానతో కొలిచారు. ఇప్పటి ఇటుకకంటే ఎంత పెద్దదో. "దీన్ని కాల్చడానికి ఎంత కట్టె పట్టి ఉంటాదో, కొండ మీదకి ఎలాగ మోశారో" అని తనలో తనే అనుకుంటున్నారు. నేను మాత్రం అలిగి తొట్ల వైపు వెళ్ళిపోయాను. రాతిని తొలిచి వాననీళ్ళు పట్టుకోడానికి చేసినవి. ఎప్పుడు వెళ్ళినా నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

అక్కడ కూర్చుంటే నాన్నతో మొదటిసారి వచ్చిన రోజు గుర్తొచ్చింది. 1970లలో నేవీ సర్వేలో ఈ చోటు బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. మేం వచ్చింది ఆ తర్వాత కొద్దికాలానికే, స్కూటర్ మీద. పైకొచ్చి చూస్తే రాళ్ళు, పునాదులు, అంతే. ఇంతదూరం దీనికా అని నేను ఏడుపు మొహం పెట్టాను. నాన్న నా చెయ్యి పట్టుకుని పునాది వెంట గుండ్రంగా నడిపించి, రెండు చేతులూ పైకెత్తి గాలిలో స్తూపం గీశారు, ఇక్కడిదాకా ఉండేది, ఆ పైన గొడుగు అని. తర్వాత ఒక గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని, "చూడు, ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది" అన్నారు. తెల్లచొక్కా వీపంతా ఎర్రమట్టి. ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయని చెబితే, ఓడల్లో వచ్చినవాళ్ళు ఈ కొండెక్కారా అని సముద్రం వైపే చూస్తూ ఉండిపోయాను. దొరక్కుండా మిగిలినది ఒక్కటైనా ఉంటుందేమోనని దిగేదాకా మట్టి వెతుకుతూనే ఉన్నాను. ఇంటికెళ్ళాక ఆ చొక్కా చూసి అమ్మ నాన్నని ఎంత తిట్టిందో.

మరి ఆ రోజు నాన్న లేకపోతే నాకు కనిపించేవి రాళ్ళే కదా. ఇప్పుడొచ్చే పిల్లలందరికీ గాలిలో గీసి చూపించే నాన్న ఉంటారా? ఇందాక ఒక చిన్నపిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నేరుగా ఆ కొత్త స్తూపం దగ్గరికే వెళ్ళింది, "ఇదేంటమ్మా" అని అడిగింది. పునాదిని చూసి ఎవరూ అలా అడగరు. పెదనాన్న అన్నదీ అదే, నేను వినిపించుకోలేదు గానీ: "కట్టబట్టే జనం ఆగుతున్నారమ్మా."

సరే, కట్టనివ్వండి. కానీ ఏ వరస దాకా పాతది, ఏ వరస నుంచి కొత్తది అన్నది పక్కన రాసి పెట్టాలి, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో. వచ్చే ప్రతివాళ్ళ పక్కనా ఒక మేస్త్రీ ఉండడు. ఆ గదుల గోడల దగ్గర ఎవరో ఒకరు నిలబడి, ఎక్కినవాళ్ళని దింపాలి కూడా. ఈ రెండోదాని మీద నా మనసు మారదు.

దగ్గర్లోనే ఉన్న ఇంకో బౌద్ధ శిథిలాల కొండ, బావికొండ కూడా చూస్తానంటున్నారు పెదనాన్న. ఈసారి పొద్దున్నే బయల్దేరాలి, కెమెరాలు రాకముందే. అన్నయ్యని మాత్రం కారు అడగను.