కప్ప పిండాల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్: ఆరు నెలలు నన్ను తిప్పలు పెట్టిన తోక

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నా పని ఇదీ: జెనోపస్ లేవిస్ అనే ఆఫ్రికన్ కప్ప పిండంలో సొంత జన్యువులు ఎప్పుడు పని మొదలుపెడతాయో ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో (జన్యువుల నకళ్లయిన ఆర్‌ఎన్‌ఏలు ఏవి ఎంతెంత ఉన్నాయో చదివే పద్ధతి) చూడాలి. మొదటి పన్నెండు విభజనల దాకా పిండం దాదాపుగా తల్లి గుడ్డులో దాచి పంపిన ఆర్‌ఎన్‌ఏ మీదే బతుకుతుంది, సుమారు 4,000 కణాలయ్యాకే సొంత జన్యువులు పెద్ద ఎత్తున మేల్కొంటాయి.

ముందురోజు సాయంత్రం ఆడకప్పకు హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే పొద్దున్నే గుడ్లు. వీర్యం కలిపిన ఇరవై నిమిషాలకు గుడ్లన్నీ నల్లటి సగం పైకి వచ్చేలా వాటంతటవే తిరుగుతాయి, అది కంటపడితే గానీ నా ప్రాణం కుదుటపడేది కాదు. తర్వాత సిస్టీన్ ద్రావణంలో జిగురు కరిగిపోయి, అప్పటిదాకా ఎడంగా ఉన్నవి ఒకదాన్నొకటి ఆనుకుని ఆవగింజల్లా దొర్లుతాయి. మొదటి విభజనకు గంటన్నర, ఆపైన అరగంటకొకటి, కాబట్టి తిండికి లేవడం కూడా కుదరదు, పదేసి పిండాలను ట్యూబులో వేసి ద్రవ నైట్రోజన్‌లో ముంచుతూ ఉండటమే.

డేటా వచ్చాక చూస్తే 32 కణాల దశకే బోలెడు జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరుగుతోంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా గైడ్ గ్రాఫ్ చూసి ఒక్కటే అడిగారు, "లైబ్రరీ పాలీ-ఏ పద్ధతిలో చేశావా?" అని.

అదే కారణం. లైబ్రరీ అంటే సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన నమూనా, పాలీ-ఏ పద్ధతి అంటే ఆర్‌ఎన్‌ఏ చివర వరసగా ఉండే 'ఏ' అక్షరాల తోకను సన్నటి పూసలతో పట్టి లాగడం. తల్లి దాచిన ఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి పాలీ-ఏ తోక పొట్టిగా ఉంటుంది, ఫలదీకరణ తర్వాత కొన్నింటికి ఆ తోక పెరుగుతుంది, పొడవు తోకలను మన పూసలు బాగా పట్టుకుంటాయి. అంటే కొత్త ఆర్‌ఎన్‌ఏ ఏమీ పుట్టలేదు, ఉన్నదే మనకు ఎక్కువగా చిక్కింది. ఆరు నెలల పని కదా, చాలా బాధేసింది.

మళ్లీ గుడ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఈసారి కణంలోని ఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగమైన రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను మాత్రమే తీసేసి, తోకతో పనిలేకుండా మిగతాదంతా సీక్వెన్స్ చేశాం. చదివిన ముక్కల్లో ఏది ఏ జన్యువుదో చూసి అమర్చడం ఇంకో తలనొప్పి, ఎందుకంటే ఇది రెండు పూర్వీక జాతులు కలిసి పుట్టిన కప్ప, 36 క్రోమోజోములు, చాలా జన్యువులకు ఎల్ అనీ ఎస్ అనీ రెండేసి ప్రతులు. 2016లో ఆ రెంటినీ విడదీసిన జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ క్రమం) రాకపోయి ఉంటే నేను ఈ పనికి దిగేవాణ్ణే కాదు.

కొత్త గ్రాఫ్‌లో ఆ తొలి పెరుగుదల దాదాపు మొత్తం చదునైపోయింది. నోడల్5, నోడల్6 అనే జన్యువులు మాత్రం పెద్ద మేల్కొలుపు కంటే ముందే నిజంగా పైకి లేస్తున్నాయి, ఇప్పుడు నా థీసిస్ మూడో అధ్యాయం వాటి మీదే.