గచ్చిబౌలి స్టేడియం: కార్నర్ జెండా దగ్గర మీటరు లెక్క

గచ్చిబౌలి స్టేడియం పూర్తి పేరు జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌కి వేదిక. 2019లో ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత గ్రౌండయింది. 2024 సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ ఆడిన ఇంటర్‌కాంటినెంటల్ కప్పూ ఇక్కడే జరిగింది.

పేరులో ఉన్న ఆ 'అథ్లెటిక్' మాటే ఫుట్‌బాల్‌కి తలనొప్పి. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. అందులో 105 × 68 మీటర్ల పిచ్ గీస్తే పక్కలకి రెండున్నర మీటర్లు మిగులుతుంది. మూలల్లో ట్రాక్ వంపు తిరగడంతో కార్నర్ జెండాకీ ట్రాక్ అంచుకీ మధ్య మీటరు కూడా ఉండదు. కార్నర్ కిక్ కొట్టేవాడి పరుగు సింథటిక్ ట్రాక్ మీదే మొదలవుతుంది. అందుకే అక్కడ కృత్రిమ గడ్డి పరుస్తారు. దాని అంచు లేస్తే కాలు మడత పడ్డట్టే.

ఇలాంటి పిచ్‌ని మళ్లీ కొత్తగా వేసేటప్పుడు కింద డ్రైనేజీ పైపులు, వాటిపై 100 మిల్లీమీటర్ల కంకర, ఆపైన 300 మిల్లీమీటర్ల ఇసుక, పైన బెర్ముడా గడ్డి వేయడం మామూలు పద్ధతి. పని చెడేది ఎక్కువగా ఇసుక దగ్గరే. ఒండ్రు కలిసిన ఇసుక పోస్తే సన్నటి మట్టి సందుల్లోకి దిగి నీటి దారి మూసేస్తుంది, ఒక్క వానకే గోల్ ముందు మడుగు.

లారీ దించకముందే గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా కుదపండి. ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది. గంట తర్వాతా నీళ్లు బురదగానే ఉంటే ఆ లారీని వెనక్కి పంపేయండి.