ముందు చక్రానికి మోటారు

ఆదివారం, రాత్రి 10 గంటలు.

రెండుసార్లు సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. బొటనవేలి మీద ఆకురాయి గీసుకున్న చోట ఇంకా మండుతోంది. మొత్తానికి ఇవాళ సైకిలుకు ఎలక్ట్రిక్ కిట్ బిగించాను. బిగించాం అనాలి, సగం పని నాన్నే చేశాడు.

పెట్టె వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజులూ నా టెన్షనంతా వైర్ల గురించే. మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే కంట్రోలర్ డబ్బాలోంచి జడపాయల్లా వేలాడే ఆ వైర్లను చూసి, ఏది ఎక్కడ పెడితే ఏం కాలుతుందోనని పెట్టె మూత మళ్లీ మూసేసేవాణ్ణి. తీరా దిగితే వైర్ల పని అరగంట. ఏ కనెక్టరూ దాని జతలో తప్ప ఇంకోదాంట్లో దూరదు. మోటారుకు వెళ్లే మూడు లావు వైర్లు పసుపు, పచ్చ, నీలం. రంగుకు రంగు కలిపితే సరి.

పొద్దంతా మింగేసింది ఫోర్కు, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే రెండు కాళ్ల చట్రం.

మామూలు చక్రం ఇరుసు గుండ్రంగా ఉంటుంది, నట్లు బిగిస్తే చాలు. చక్రం నడిమధ్యలో ఇమిడే ఈ హబ్ మోటారు సంగతి వేరు. అందులో ఇరుసు కదలకూడదు, దాని చుట్టూ ఉన్న డొల్ల తిరగాలి. చక్రాన్ని ముందుకు తిప్పే బలం ఎంతో, ఇరుసును వెనక్కి తిప్పే బలమూ అంతే. అందుకే ఇరుసు చివరలు రెండు వైపులా చదునుగా కోసి ఉంటాయి, ఫోర్కు గాడిలో కూర్చుని తిరగకుండా ఆగడానికి. ఆ చదునుల మధ్య మందం 10 మిల్లీమీటర్లు. మా ఫోర్కు గాడి వెడల్పు 9. ఆ ఒక్క మిల్లీమీటరుకు మధ్యాహ్నం దాకా పట్టింది.

గ్రైండర్ తెస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "మిషను పెడితే క్షణంలో అయిపోతుంది. దాంతోపాటు ఫోర్కూ అయిపోతుంది" అన్నాడు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దడం, ఇరుసు పెట్టి చూడటం, పట్టకపోతే మళ్లీ రుద్దడం. ఒక గాడి రెండోదానికంటే లోతుగా పోతే చక్రం పక్కకు ఒరుగుతుందట. నాన్న కన్ను మూసి, కన్ను తెరిచి, రిమ్ము ఫోర్కు నడిమధ్యలో ఉందో లేదో చూస్తూనే ఉన్నాడు. పాత ఇనప ఫోర్కు కాబట్టి ఈ సాహసం. అల్యూమినియం ఫోర్కయితే ముందు చక్రం మోటారు జోలికే పోయేవాణ్ణి కాదు.

పెట్టెలో చూడ్డానికి అన్నిటికంటే అల్పంగా ఉన్న వస్తువు టార్క్ ఆర్మ్. జానెడు కూడా లేని ఇనప బద్ద. ఒక చివర ఇరుసును పట్టుకుంటుంది, రెండోది ఫోర్కు కాలికి క్లిప్పుతో బిగుస్తుంది. ఇది లేకుండా కూడా బండి నడుస్తుంది. కానీ ఎప్పుడో ఒకసారి ఇరుసు గాడిలో గిర్రున తిరిగితే, దాని లోపల నుంచి వచ్చే వైర్లు మెలిపడి తెగుతాయి, చక్రం ఊడినా ఊడుతుంది. రెండు పక్కలా రెండు బిగించాం.

బ్యాటరీ చివర్లో కలిపాను. ప్లగ్గు తగలగానే చిటుక్కుమని నిప్పురవ్వ. నా గుండె ఆగినంత పనైంది. కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు పీల్చుకుంటాయని, అంచేత ఆ రవ్వ మామూలేనని చదివాను. చదవడం వేరు, చేతిలో చూడటం వేరు.

ముందు చక్రం గాల్లోకి లేపి థ్రాటిల్ తిప్పితే జుమ్మని తిరిగింది. బ్రేకు లివర్ తాకితే కరెంటు ఆగింది. పెడల్ తొక్కి చూస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వైర్లన్నీ తడుముకుంటుంటే నాన్న ఊరికే పెడల్‌ని వెనక్కి తిప్పాడు. చక్రం తిరిగింది! తొక్కుతున్నామని కంట్రోలర్‌కు తెలిపేందుకు పెడల్ ఇరుసుకు తగిలించే అయస్కాంతాల బిళ్లను తిరగేసి పెట్టానన్నమాట. "వెనక్కి తొక్కితే ముందుకు పోయే సైకిలు. బాగుంది రా" అని ఎంత నవ్వాడో.

సాయంత్రం 8 కిలోమీటర్లు తిరిగాను. మోటారు 250 వాట్లది. మామూలు మనిషి ఆపకుండా తొక్కగలిగేది సుమారు 100 వాట్లే కాబట్టి, ఇద్దరు ముగ్గురు కలిసి లాగుతున్నట్టే. లాగడమే, నెట్టడం కాదు. ముందు చక్రానికి ఉండటంతో ఎద్దును ముక్కుతాడు పట్టి నడిపించినట్టుంది. పెడల్ తొక్కాక అరక్షణం ఆలస్యంగా అందుకుంటుంది, ఆపాక ఇంకో అరక్షణం లాగుతుంది. మొదటి మలుపులో ఇది తెలియక హడలిపోయాను. తర్వాత నుంచి మలుపుకు ముందే బ్రేకు లివర్ మీద వేలు వేస్తున్నాను. శబ్దం దాదాపు లేదు. నడిచివెళ్తున్న ఒకాయన పక్క నుంచి పోతే ఉలిక్కిపడి తిట్టాడు. తప్పు నాదే.

ఇంటికొచ్చి బ్యాటరీ చూస్తే 42 నుంచి 39.6 వోల్టులకు దిగింది. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు. కిలోమీటరుకు పదో పన్నెండో వేసుకున్నా 30 కిలోమీటర్లు నడవాలి. ఎదురుగాలి ఉంటే తగ్గుతుంది.

నాన్న లెక్కలు వినకుండా స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. ఎడమ నట్టు పావు చుట్టు తిరిగింది. అప్పుడే రుద్దిన గాడి, ఇరుసు ఇంకా సర్దుకుంటోందట. "రేపూ చూడాలి, ఎల్లుండీ చూడాలి" అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పుడు కనిపించింది. థ్రాటిల్‌కు చోటు కావాలని హ్యాండిల్ నుంచి తీసిన గంట, టేబుల్ మీదే ఉంది.